ముక్కులో వేయాల్సిన చుక్క

ఒక మాట ఇన్నేళ్ళుగా నాలోనే ఉండిపోయింది. పాఠం చెప్తుండగా, పోపు వేస్తుండగా, సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా ఉన్నట్టుండి కదులుతుంది. మింగలేను, కక్కలేను. మోయడం అలవాటైపోయిందని నాకు నేనే చెప్పుకుంటాను. అలవాటైనంత మాత్రాన బరువు తగ్గుతుందా? తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

విషయం చేపలది. నవ్వకండి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, చేపల మెదడుది. చేప మెదడులోకి బాక్టీరియా దూరినప్పుడు లోపల ఏం జరుగుతుంది అన్న ప్రశ్న మీద ఒక మనిషి తన పడుచు వయసంతా పెట్టింది. జవాబు దాదాపు చేతికి అందింది. అందకుండా చేసింది నేను. కావాలని చేశానా? లేదు. తెలియక చేశానా? అదీ కాదు. ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంది నా తప్పు. ఆ చోటు ఎక్కడో ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను.

విజయవాడలో ఒక కాలేజీలో జువాలజీ చెప్తాను. ఈ ఉద్యోగం రాకముందు, ఊరికి కాస్త దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో రీసెర్చ్ చేశాను. నాతోపాటు అదే గైడ్ దగ్గర చేరింది మల్లీశ్వరి. అందరికీ మల్లి. పెడన అమ్మాయి. వాళ్ళ నాన్నగారు మగ్గం నేసేవారు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. సెమినార్లో ఇంగ్లీషులో మాట్లాడాలంటే పాపం చెమటలు పట్టేవి. నేను టీచర్ల కుటుంబంలో పుట్టాను, కాన్వెంటులో చదివాను, ఏ క్లాసులోనైనా ఫస్టు. చేరిన కొత్తలో మల్లికి ఇంగ్లీషు నేర్పే బాధ్యత నాది. ఆ తర్వాత నేర్పే పని తనది, నేర్చుకునే పని నాది. కానీ ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

వేలెడంత శీలావతి చేపపిల్ల మెదడు పెసరబద్దంత ఉంటుంది. జున్నులా మెత్తగా ఉంటుంది. మిగతా అందరం తీస్తే ముక్కలయ్యేది. మల్లి తీస్తే మొత్తం చెక్కుచెదరకుండా గాజుపలక మీదికి వచ్చేది. చిన్నప్పటినుంచీ మగ్గం మీద తెగిన పోగులు అతికిన వేళ్ళు కదా. తీశాక కాసేపు దానివైపు అలాగే చూస్తూ ఉండేది. "ఇంతుంది, దీనికెంత తెలుసో చూడవే" అనేది. నాకు అప్పుడు నవ్వొచ్చేది. ఇప్పుడు క్లాసులో పిల్లల ముందు అదే మాట అంటున్నాను, తన పేరు చెప్పకుండా.

తనకి ఈ పిచ్చి కైకలూరు వైపు చెరువుల దగ్గర పట్టింది. శాంపిళ్ళ కోసం ఇద్దరం వెళ్ళినప్పుడు ఒక చెరువులో చేపలు గిరగిరా తిరుగుతూ, తిరిగి తిరిగి వెల్లకిలా పడిపోతున్నాయి. మెదడుకి ఇన్ఫెక్షన్. గట్టు మీద ఉన్నవాళ్ళం అందరం చచ్చిన చేపల్ని చూస్తుంటే, మల్లి ఒక్కతే బతికినవాటిని చూసింది. ఇవెందుకు చావలేదు అని అడిగింది. తర్వాత అదే చెరువులో జబ్బు మళ్ళీ వచ్చింది. కొత్తగా వదిలిన పిల్లలు తిరిగాయి. అంతకుముందు జబ్బు పడి బతికినవి తిరగలేదు. అంతే, మల్లికి ఇంక వేరే ధ్యాస లేదు.

నేను చెప్పబోయే తప్పు మీకు అర్థం కావాలంటే చేప ముక్కు గురించి కాస్త చెప్పాలి. చేపకి ముక్కు ఊపిరి కోసం కాదు, వాసన కోసమే. మూతి మీద రెండు వైపులా చిన్న రంధ్రాలు. వాటి అడుగున ఉన్న వాసన నరం నేరుగా మెదడులోకి పోతుంది. బాక్టీరియాకి అది దొడ్డిదారి. అయితే ఆ దారిలో కాపలా లేదనుకుంటే పొరపాటే. ముక్కు పొరల్లోనే రక్షణ కణాలు గుంపులుగా ఉంటాయి. మెదడు లోపల దాని సొంత కణాలు వేరే ఉన్నాయి. మామూలు రోజుల్లో సన్నటి చేతులు చాపుకుని అక్కడి చెత్త ఊడ్చుకుంటూ ఉంటాయి. సూక్ష్మజీవి తగిలిందా, చేతులు ముడుచుకుని గుండ్రంగా మారి దాన్ని మింగేస్తాయి. మింగుతూ కబురు పంపుతాయి. ఆ కబురు అందుకుని రక్తంలోంచి ఇంకొన్ని కణాలు మెదడు గోడ దాటి లోపలికి వస్తాయి. జబ్బు తగ్గాక పాడైన చోట చేప కొత్త మెదడు కణాలు పుట్టించుకుంటుంది. మనకి ఆ భాగ్యం పెద్దగా లేదు. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది, నిజంగానే.

ఇంకొకటి కూడా చెప్పనివ్వండి, ఇది మల్లి నాకు చూపించింది. జబ్బు చేసిన చేపలు తొట్టిలో ఎండ పడే వైపుకి చేరేవి. నేను తిక్క చేపలు అనుకున్నాను. మల్లి థర్మామీటరు తెచ్చి రెండు వైపులా ముంచి చూసింది. ఎండ వైపు నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. చేప ఒంట్లో సొంత వేడి ఉండదు కదా, మనలాగా జ్వరం తెచ్చుకోలేదు. అందుకని వెచ్చటి నీళ్ళు వెతుక్కుంటూ పోతుంది, బాక్టీరియాని ఎదుర్కోవడానికి. ఎటు పోవాలో చెప్పేది ఆ పెసరబద్దే. "మనకి జ్వరం వస్తుంది, ఇది జ్వరం దగ్గరికి వెళ్తుంది" అంది మల్లి. ఆ రోజు మధ్యాహ్నం మేం అన్నం తినడం కూడా మర్చిపోయాం.

ఇదంతా ఇవాళ పాఠం. అప్పట్లో ఇందులో చాలా భాగం ఖాయంగా ఎవరూ చెప్పేవారు కాదు. మా గైడ్‌గారు మంచి మనిషే, కానీ పాత పుస్తకాల మనిషి. "మెదడంటే గర్భగుడి అమ్మా, బయటివాళ్ళకి ప్రవేశం లేదు" అనేవారు. మల్లి మాత్రం కోలుకున్న చేపల మెదడులో, అంచుల వెంబడి, చిన్న చిన్న గుండ్రటి కణాలు చూశానంది. జబ్బు తగ్గి చాలాకాలమైనా అవి వెళ్ళిపోకుండా అక్కడే ఉన్నాయంది. మళ్ళీ బాక్టీరియా వస్తే ఎదుర్కోవడానికే ఉన్నాయన్నది తన నమ్మకం. గైడ్‌గారు అవి స్లైడు మీది రంగు మరకలు అయ్యుంటాయన్నారు. చివరికి ఒక్క ప్రయోగానికి ఒప్పుకున్నారు. అది తేలకపోతే ఈ సంగతి వదిలేసి వేరే అంశం తీసుకోవాలన్నది షరతు.

ప్రయోగం చెప్పుకోవడానికి చిన్నదే. ఒకసారి జబ్బు పడి కోలుకున్న చేపలు ఒక తొట్టిలో, జబ్బే ఎరగని కొత్త చేపలు ఇంకో తొట్టిలో. రెండింటికీ ముక్కు ద్వారా బాక్టీరియా ఇవ్వాలి. కొత్తవి చచ్చి పాతవి బతికితే మల్లి చెప్పింది నిజమయ్యే దారి తెరుచుకుంటుంది. కానీ ఆ పాత చేపల్ని తయారు చేయడానికే ఏడాది దాటింది. కొద్దిగా డోసు ఇచ్చి, బతికినవాటిని ఏరి, నెలల తరబడి సాకింది. తొట్లలో గాలి బుడగల మోటారు చెడిపోతే ఆటోనగర్‌కి తనే ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి బాగు చేయించుకొచ్చేది. తొట్లు ఉన్న షెడ్డులోకి రాగానే ముందు చేపల్ని పలకరించి తర్వాత మమ్మల్ని పలకరించేది. మేం ఆటపట్టించేవాళ్ళం.

బాక్టీరియా ఫ్లాస్కు సిద్ధం చేసింది. సరిగ్గా అప్పుడే వాళ్ళ నాన్నగారి కంటి ఆపరేషన్‌కి మచిలీపట్నం వెళ్ళాల్సి వచ్చింది. ఫ్లాస్కులోది నిలవ ఉంటే పనికిరాదు. నన్ను అడిగింది. నేను తప్పకుండా అన్నాను.

వెళ్ళేముందు పద్ధతి చూపించింది. తడిగుడ్డలో చేపని మెత్తగా పట్టుకోవాలి. తల మాత్రం బయటికి ఉండాలి. సన్నటి గొట్టంతో ముక్కులో ఒక్క చుక్క. చుక్క లోపలికి పోయేదాకా ఆగాలి. తర్వాత వదిలి ఇంకోదాన్ని పట్టుకోవాలి. "తొందరపడకే. అది వాసన చూస్తుంది, చూశాక లోపలికి పోతుంది" అంది.

ఆ రోజు కార్తీక సోమవారం.

మా అత్తవారిది సత్యనారాయణపురం. నీచు వాసన గుమ్మం తొక్కని ఇల్లు. నాకు పెళ్ళై అప్పటికి ఏడాది కూడా కాలేదు. నేను చేసేది మైక్రోస్కోపు పని అని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. రోజూ షెడ్డులో పని అయ్యాక మల్లి హాస్టల్ గదిలో తలకి పోసుకుని, చీర మార్చుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి చేరేదాన్ని. "మీ అత్తగారికి తెలిస్తే నిన్నూ నన్నూ కలిపి కృష్ణలో ముంచుతుందే" అని మల్లి నవ్వేది. ఆ రోజు పొద్దున్నే అత్తయ్యగారితో ఘాట్‌కి వెళ్ళి నదీస్నానం చేశాను. ఉపవాసం. సాయంత్రం చుక్క చూసి, అరటిదొప్పలో దీపాలు వదిలి, అప్పుడు భోజనం. నేను షెడ్డుకి చేరాక గుర్తొచ్చింది, మల్లి ఊళ్ళో లేదు, గదికి తాళం. తాళంచెవి అడగడం మర్చిపోయాను.

తొట్ల ముందు నిలబడ్డాను. ఒక్కో చేపనీ పట్టుకుంటే ఆ జిగురు చేతులకి అంటుతుంది. ఎంత కడిగినా వాసన పోదు. ఆ చేతులతో సాయంత్రం దీపం ఎలా పట్టుకోను? కడుపులో ఏమీ లేదు, కళ్ళు తిరుగుతున్నాయి. కార్తీకంలో పోయి పోయి సోమవారం నాడు ప్రాణుల్ని పట్టుకుని వాటి ముక్కులో జబ్బు వేయడమా అనిపించింది. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. తొట్లలో నీళ్ళు సగం బయటికి తీసేశాను. ఫ్లాస్కులో ఉన్నది చెరిసగం రెండు తొట్లలోనూ పోసేశాను, ఆఖరి చుక్క దాకా. చేపని తాకలేదు. నా మడి చెడలేదు. ఎలాగూ నీళ్ళలోంచి ముక్కులోకి పోతుందిగా అనుకున్నాను. చేతులు దులుపుకుని వచ్చేశాను.

ముక్కులోకి పోయే ఒక్క చుక్క వేరు, ఒళ్ళంతా మునిగే విషం వేరు. మొప్పల నుంచీ చర్మం నుంచీ ఒక్కసారిగా రక్తంలోకి దూరితే మెదడు కాపలా ఏం చేస్తుంది? ఈ మాత్రం నాకు తెలియదా? తెలుసు. ఆ క్షణంలో తెలియనట్టు ఉండడం వీలుగా ఉంది, అంతే.

రెండు తొట్లలోనూ చేపలన్నీ చచ్చిపోయాయి.

మల్లి తిరిగొచ్చి, బల్ల ముందు కూర్చుని ఒక్కోటే కోసింది. నేను పక్కనే నిలబడ్డాను. ఆఖరిదీ కోశాక తల ఎత్తింది.

"ముక్కులోనే వేశావు కదే?"

"వేశాను."

"ఒక్కోదాన్నీ పట్టుకుని?"

"పట్టుకునే. నువ్వు చెప్పినట్టే."

"మరి ముక్కు దగ్గర వాపు లేదేంటే? ఎర్రబడను కూడా లేదు. మొప్పలేమో పాలిపోయాయి, పొట్టంతా నెత్తురు చారలు. ఒళ్ళంతా ఒకేసారి కమ్మేసినట్టుంది."

"ఏమోనే. డోసు ఎక్కువైందేమో."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో! డోసు కలిపింది తను. నేను తప్పించుకోవడమే కాదు, తప్పు తీసుకెళ్ళి తన ఒళ్ళో పెట్టాను. మల్లి కత్తెర కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"అంతే అయ్యుంటుంది. నాదేనే తప్పు. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి కూడా నా కోసం చేపల్ని ముట్టుకున్నావు. మళ్ళీ నిన్ను పట్టుకుని అడుగుతున్నాను చూడు, నా మొహం!"

అప్పుడైనా చెప్పాల్సింది. ఇంకా ఏమీ పాడవలేదు. చెప్తే మల్లి తిట్టేది, ఏడ్చేది, మళ్ళీ ఏడాది కష్టపడేది. గైడ్‌గారు కూడా ఇంకో అవకాశం ఇచ్చేవారు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? భయం అని చాలా ఏళ్ళు అనుకున్నాను. మడి అనుకున్నాను, అత్తయ్యగారు అనుకున్నాను. తర్వాతెప్పుడో నేను చేపలతో పనిచేసిన సంగతి అత్తయ్యగారికి తెలిసింది. ఆవిడ కనీసం కనుబొమ్మ కూడా ఎగరెయ్యలేదు. "దానికేముందమ్మా, చదువు కోసమేగా. వచ్చి తలకి పోసుకుంటే సరి" అన్నారు. అంతే. ఇంత పెద్ద అబద్ధానికి నేను చూపించుకున్న కారణం ఆవిడ ఒక్క మాటతో కొట్టుకుపోయింది.

అప్పుడు మిగిలింది అసలు కారణం. మీకు చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది. రెండు తొట్లూ చచ్చాయని తెలిసినప్పుడు నా లోపల ఒక మూల "హమ్మయ్య" అనిపించింది. ఫస్టు వచ్చేదాన్ని నేను. సెమినార్లో గడగడా మాట్లాడేదాన్ని నేను. కానీ గైడ్‌గారు కొత్తవాళ్ళకి చూపించేది మల్లి స్లైడులు. వచ్చినవాళ్ళు మెచ్చుకునేది మల్లి చేతుల్ని. తనంటే నాకు ప్రాణం, అది అబద్ధం కాదు. తను నాకంటే గొప్పదని తెలియడం కూడా అబద్ధం కాదు. ఈ రెండూ ఒకే మనసులో ఎలా పడుకున్నాయో నాకు అర్థం కాదు. చేపల్ని కావాలని చంపలేదు, నిజమే. చచ్చాక నోరు కట్టేసుకున్నది మాత్రం కావాలనే.

మల్లి వేరే అంశం తీసుకోలేదు. తన కళ్ళు తనని మోసం చేశాయని నమ్మింది. మరకల్ని కణాలనుకున్నాను, ఆశపడి చూశాను అనేది. రీసెర్చ్ మానేసి, డీఎస్సీ రాసి, చల్లపల్లి దగ్గర ఒక హైస్కూల్లో బయాలజీ టీచరైంది. వెళ్ళేటప్పుడు వాళ్ళ నాన్నగారు నేసిన చీర తెచ్చి నాకు పెట్టింది. "నా కోసం ఉపవాసం నాడు అంత పని చేశావని ఇంట్లో చెప్పానే, నాన్న పంపించారు" అంది. ఆ చీర కట్టుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. నేను డాక్టరేట్ తెచ్చుకున్నాను, మొప్పల మీద. ఉద్యోగం తెచ్చుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. చేపల మెదడు గురించి ఎక్కడెక్కడో పనిచేస్తున్నవాళ్ళు ఒక్కో సంగతీ బయటపెడుతున్నారు. ముక్కులో కాపలా ఉందని, మెదడులోకి కణాలు వస్తాయని. చదివినప్పుడల్లా ముందు సంతోషం కలిగేది, మల్లి చెప్పిందే కదా అని. వెనకనే ఒళ్ళు చల్లబడేది. పాఠంలోకి కూడా వచ్చేసింది. బోర్డు మీద చేప తల గీసి, ముక్కు దగ్గర నుంచి మెదడు దాకా బాణం గీస్తాను.

కిందటి నెల మల్లి ఫోన్ చేసింది. మా స్నేహం ఎప్పుడూ తెగిపోలేదు, పండక్కీ పబ్బానికీ మాట్లాడుకుంటూనే ఉన్నాం. సైన్స్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఏదో వ్యాసం వచ్చిందట. చిన్నపిల్లలా అరిచింది. కణాలు మెదడులోకి వస్తాయటే, నిజమేనటే అంది. తనకి దక్కాల్సింది ఎవరికో దక్కిందన్న బాధ ఆ గొంతులో వెతికాను. లేదు. చేప గెలిచినందుకు సంతోషం, అంతే. నేనైతే అలా సంతోషించగలనా? ఛస్తే సంతోషించలేను.

ఆ తర్వాత అన్న మాటే నన్ను ఇక్కడికి తెచ్చింది. మల్లి ప్రతి ఏడాదీ పదో తరగతి పిల్లలకి తన కథ చెప్తుందట. మన ఆలోచన మీద మనకి మోజు ఎక్కువైతే కొలతలో తప్పు చేస్తాం, నేను డోసు తప్పు కలిపి ఏడాది కష్టం బూడిదలో పోసుకున్నాను, మీరు జాగ్రత్తగా ఉండండి అని. ఎన్ని బ్యాచ్‌లు! అంతమంది పిల్లలు తమ టీచరు తప్పు చేసిందని నేర్చుకుని వెళ్ళారు. నేనాడిన మూడు మాటల అబద్ధం అక్కడ పాఠమై కూర్చుంది.

సెలవు పెట్టి బస్సెక్కాను. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి దాటి చల్లపల్లి చేరేలోపు ఎన్నిసార్లు దిగిపోదామనుకున్నానో. మల్లి నన్ను చూసి గేటు దాకా పరిగెత్తుకొచ్చింది. ఏమే, చెప్పాపెట్టకుండా వచ్చావేంటే అని భుజం మీద ఒకటి వేసింది. మధ్యాహ్నం వేళ, వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మంచినీళ్ళు ఇచ్చింది. తాగకుండానే చెప్పేశాను. ముక్కులో వేయలేదు, తొట్టిలో పోశాను అని. డోసు నువ్వు సరిగ్గానే కలిపావు అని.

నేను తిట్ల కోసం ఎదురుచూశాను. తను అడిగింది వేరే.

"ఫ్లాస్కు మొత్తమా?"

"మొత్తం. రెండింటికీ చెరిసగం."

"నీళ్ళు ఏ మాత్రం ఉంచావు?"

"సగం తీసేశాను."

"అయితే ఏ చేపైనా చావాల్సిందే" అంది, తనలో తను. తర్వాత నెమ్మదిగా, "అన్నీ ఒకేసారి చచ్చాయా?" అని అడిగింది.

ఇది మీకు కూడా ఇంతవరకూ చెప్పలేదు. అన్నీ ఒకేసారి చావలేదు. మర్నాడు పొద్దున నేను షెడ్డుకి వెళ్ళేసరికి కొత్త చేపల తొట్టిలో ఒక్కటీ మిగల్లేదు. కోలుకున్న పాత చేపల తొట్టిలో అన్నీ బతికే ఉన్నాయి. సాయంత్రానికి అవీ పోయాయి. అంత డోసులో కూడా, తప్పుడు దారిలో వచ్చిన జబ్బుకి కూడా, మల్లి చేపలు ఒక పూటంతా నిలబడ్డాయి. నేను కళ్ళారా చూశాను. చూశానని చెప్తే ఇంకా అడుగుతుందని, అప్పట్లో మల్లికి అన్నీ కలిసే పోయాయని చెప్పాను.

"పాతవి ఒక పూట ఆగాయి" అన్నాను.

"ఆగాయా!"

మల్లి మొహం వెలిగిపోయింది. షెడ్డులో థర్మామీటరు ముంచి చూసిన రోజు మొహం అది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఇంకేదో అడగబోయింది. అంతలో తను ఎవరి చెయ్యి పట్టుకుందో గుర్తొచ్చినట్టుంది. మెల్లగా వదిలేసింది. ఆ వెలుగు నా కళ్ళముందే ఆరిపోయింది.

గంట కొట్టారు. మల్లి లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"క్లాసుందండీ. మీరు బయల్దేరండి, మళ్ళీ బస్సు దొరకదు" అంది.

కోపంగా కాదు, మర్యాదగా. కలిసిన మొదటి రోజు నుంచీ మల్లి నన్ను ఒసేయ్ అంది, మొద్దూ అంది. అండీ అని ఎప్పుడూ అనలేదు.

"సరేనండీ" అన్నాను.

తను క్లాసులోకి వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే మొహం లేదు. ఇన్నేళ్ళూ మల్లి తన మీద తను పెంచుకున్న కోపానికి ఇప్పుడు అసలు మనిషి దొరికింది. ఆ మనిషిని నేనే. పిల్లలకి ఇకమీదట ఏం చెప్తుందో నాకు తెలియదు, తెలుసుకునే హక్కు కూడా లేదు. మల్లి నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. వస్తుందని అనుకోవడం లేదు. అయినా ఈ మాటలు రాస్తుంటే ఊపిరి తేలిగ్గా ఆడుతోంది, అందుకు నాకు సిగ్గుగా కూడా ఉంది.